బంటు ఇచ్చే ముందు లెక్క చూసుకోండి

చెస్‌లో నల్ల పావులు వస్తే చాలామంది ముఖం వాడిపోతుంది. మొదటి ఎత్తు ఎదుటివాడిది, మనం ఒక అడుగు వెనక. బెల్లంపల్లి లాంటి గనుల ఊళ్లో చదువుకుని నగరం పిల్లలతో పోటీపడే మీకు ఈ పరిస్థితి కొత్తేం కాదు. అలాంటప్పుడు ఒక బంటు పారేసి ఎదురుదాడికి దిగితే పోలా అనిపిస్తుంది. దాన్నే గాంబిట్ అంటారు. తప్పేం లేదు. కానీ అన్ని గాంబిట్‌లూ ఒకటి కావు.

వీడియోల్లో తెగ తిరిగే ఎంగ్లుండ్ గాంబిట్ చూడండి. తెల్ల డి4 ఆడగానే నల్ల ఈ5 అని బంటు ఇచ్చేస్తుంది. ఆరో ఎత్తులో తెల్లవాడు బిషప్‌ను సి3కి తెస్తే ఉచ్చులో పడ్డట్టే. అదే గుర్రాన్ని సి3కి తెచ్చాడా, మీ పని అయిపోయినట్టే! అంటే మీ గెలుపు అవతలివాడి తప్పు మీదే ఆధారపడి ఉంది.

బెంకో గాంబిట్ అలా కాదు. తెల్ల డి4, సి4, డి5 ఆడుతుంటే, నల్ల గుర్రాన్ని ఎఫ్6కి, బంటును సి5కి నడిపి, మూడో ఎత్తులో బి5 బంటును అప్పగిస్తుంది. బదులుగా ఎ, బి వరుసలు రూక్‌లకు తెరుచుకుంటాయి. జి7 బిషప్‌కు పొడవాటి దారి దొరుకుతుంది. అవతలివాడు సరిగ్గా ఆడినా, క్వీన్లు బోర్డు దిగిపోయినా ఆ ఒత్తిడి తగ్గదు. పాల్ బెంకో 1960ల్లో ఆడి చూపించిన ఈ పద్ధతి ఇప్పటికీ బతికే ఉంది.

మన వరంగల్ కుర్రాడు అర్జున్ ఇరిగేశి 14 ఏళ్లకే, 2018లో, గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. 2024 డిసెంబరులో విశ్వనాథన్ ఆనంద్ తర్వాత 2800 రేటింగ్ దాటిన రెండో భారతీయుడిగా నిలిచాడు. నల్ల పావులతోనూ గెలుపు కోసమే ఆడతాడని అతనికి పేరు. ఆ తెగువ వెనక గంటల కొద్దీ సాధన ఉంటుంది.

ఇక మీ సంగతి. చేస్తున్న చిన్న ఉద్యోగం మానేసి, నాన్న దాచిన డబ్బుతో హైదరాబాద్ కోచింగ్‌కు వెళ్లాలనుకుంటున్నారా? అదీ గాంబిట్టే. ముందు ఒక కాగితం తీయండి. ఏం ఇస్తున్నారు? ఏం వస్తుంది? నోటిఫికేషన్ ఆలస్యమైనా, పోటీ పెరిగినా మీ దగ్గర మిగిలేదేంటి? నేర్చుకున్న సబ్జెక్టు, ఇంకో పరీక్షకూ పనికొచ్చే పట్టు మిగులుతాయంటే ధైర్యంగా బంటు ఇవ్వండి. అదృష్టం మీదే భారమైతే మాత్రం ఆ బంటు ఇంట్లోవాళ్లదని గుర్తుంచుకోండి.