కింద తెలుగు అక్షరాలు ఎవరి కోసం?

తెర మీద ఆదివాసీ కనిపిస్తే చాలని మురిసిపోయే కాలం ఇక పోవాలి. అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఆ సినిమా తీసినవాడు తెర ముందు ఎవరు కూర్చుంటారని అనుకున్నాడు? కోరుట్లలోనో సిరిసిల్లలోనో టికెట్టు కొనుక్కొని వచ్చిన తండా పిల్ల, గోదావరి అవతలి గూడెం నుంచి వచ్చిన గోండు పిల్లగాడు అతని లెక్కలో ఉన్నారా? మన బొమ్మ వాళ్లకు కావాలి. మన చూపు మాత్రం అక్కర్లేదు.

ఈ జబ్బు తెలుగు సినిమాతో మొదలు కాలేదు. హాలీవుడ్ కౌబాయ్ సినిమాలు దశాబ్దాల పాటు అమెరికా ఆదివాసులను గుర్రాల మీద కేకలు వేస్తూ వచ్చి తుపాకీ దెబ్బకు రాలిపోయే గుంపుగానే చూపించాయి. ముఖ్యమైన ఆదివాసీ పాత్రలను కూడా చాలాసార్లు రంగు పూసుకున్న తెల్లవాళ్లే వేశారు. ఆ కౌబాయ్ 1971లో 'మోసగాళ్లకు మోసగాడు'తో మన దగ్గరికీ వచ్చాడు. టోపీ వచ్చింది, తుపాకీ వచ్చింది, గుర్రం వచ్చింది. ఆ టోపీవాడు అక్కడ ఎవరి నేల మీద గుర్రాన్ని ఉరికించాడన్న ప్రశ్న మాత్రం రాలేదు.

ఆ ప్రశ్న వేసిన కౌబాయ్ సినిమా ఒకటుంది. 1995లో వచ్చిన 'డెడ్ మ్యాన్'. పెద్ద కంపెనీల పద్ధతికి లొంగకుండా జిమ్ జార్ముష్ దాన్ని నలుపు తెలుపుల్లో తీశాడు. సినిమాను కుదించమని పంపిణీదారులు ఒత్తిడి చేసినా ఒప్పుకోలేదు. పెట్టిన డబ్బు కూడా తిరిగి రాలేదు. కథ చిన్నదే. విలియం బ్లేక్ అనే గుమాస్తా ఉద్యోగం కోసం రైలెక్కి పడమటికి వస్తాడు. దారిలో రైలు కిటికీల్లోంచి జనం అడవిదున్నల మీద తుపాకులు పేలుస్తుంటారు. ఆ దున్నలు మైదాన ఆదివాసుల తిండి, బట్ట, గుడారం. ఉద్యోగం దొరకదు, గుండెలో తూటా దిగుతుంది. చావబోతున్న అతనికి నోబడీ అనే ఆదివాసీ తోడవుతాడు. ఈ నోబడీని తెల్లవాళ్లు చిన్నప్పుడే పట్టుకొని బోనులో పెట్టి ఊరూరా చూపించి, ఇంగ్లండు దాకా తీసుకుపోయారు. అక్కడే చదువుకున్నాడు. బ్లేక్ అనే కవి రాసిన కవిత్వం అతనికి కంఠతా వచ్చు. అదే పేరున్న గుమాస్తాకు ఒక్క ముక్కా తెలియదు. చదువు ఎవరి దగ్గర ఉంది, అజ్ఞానం ఎవరి దగ్గర ఉంది అన్న లెక్కను ఈ సినిమా తిరగేసింది.

అంతకంటే పెద్ద సంగతి, నోబడీ క్రీ భాషలో, బ్లాక్‌ఫుట్ భాషలో మాట్లాడినప్పుడు కింద ఇంగ్లీషు అక్షరాలు పడవు. కావాలనే వెయ్యలేదు. ఆ మాటలు, అందులోని హాస్యం ఆ జాతుల ప్రేక్షకులకే వదిలేశాడు. హాల్లో వందమంది తెల్లవాళ్లు బిక్కమొహం వేస్తే, వెనక బెంచీలో కూర్చున్న ఒక్క క్రీ ముసలమ్మ నవ్వుతుంది. ఆ ఒక్క నవ్వు కోసం దర్శకుడు చోటు ఉంచాడు.

ఇప్పుడు మన దగ్గరికి రండి. 2022లో 'ఆర్ఆర్ఆర్' కొమురం భీం పేరును ప్రపంచమంతా తిప్పింది. కల్పిత కథ అని వాళ్లే చెప్పుకున్నారు, సరే. కల్పనలో కూడా దొరలకు ఇంగ్లీషు దక్కింది, గోండులకు గోండీ దక్కలేదు. తమలో తాము మాట్లాడుకున్నా తెలుగే! చివరికి భీం తన జనానికి చదువు ఇమ్మని రాముణ్ని అడుగుతాడు. చదువు కోరడం తప్పు కాదు. కానీ 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగిన మనిషి నీళ్లు, అడవి, భూమి మాకే చెందాలని నిలబడ్డవాడు. అలాంటివాణ్ని ఇంకొకరి ముందు శిష్యుడిగా కూర్చోబెట్టిన కల్పన ఎవరి కళ్లకు చల్లగా ఉంటుందో ఆలోచించండి.

"గోండీలో, గోర్‌బోలిలో తీస్తే ఎవరు చూస్తారు?" అని అడిగేవాళ్లుంటారు. 2011 జనగణనలో గోండీ మాతృభాషగా చెప్పినవాళ్లు 29 లక్షలకు పైనే, లంబాడీ చెప్పినవాళ్లు 32 లక్షలకు పైనే. వీళ్లు ఎవరూ కారా? నిన్నటి దాకా తెలంగాణ యాసకూ ఇదే మాట చెప్పారు. రౌడీకీ నవ్వులాటకూ తప్ప పనికిరాదన్నారు. మన మల్యాల మండలం లంబాడిపల్లి నుంచి 'మై విలేజ్ షో' ఆ మాటను అబద్ధం చేసింది. 2023లో సిరిసిల్ల పల్లెల్లో తీసిన 'బలగం' చావింటి కథనే చెప్పింది, ఊళ్లు తెర కట్టుకొని చూశాయి. యాస మారలేదు, చూసేవాళ్ల చెవి మారింది. యాస కోసం కొట్లాడి గెలిచినవాళ్లే మన భాషల దగ్గరికి వచ్చేసరికి పాత యజమాని మాట మాట్లాడితే ఎట్లా ఊరుకుంటాం?

అట్లని 'డెడ్ మ్యాన్'కు దండం పెట్టి కూర్చోమనడం లేదు. తీసినవాడు తెల్లవాడే. కథ తెల్లవాడిదే. చివరికి నోబడీ కూడా చస్తాడు. బయటివాడు ఎంత ప్రేమతో తీసినా అక్కడి దాకే రాగలడు. ఆ తర్వాత మూడేళ్లకు, 1998లో, 'స్మోక్ సిగ్నల్స్' వచ్చింది. రాసింది ఆదివాసీ, తీసింది ఆదివాసీ, ముఖ్య పాత్రలు వేసిందీ ఆదివాసులే. నోబడీగా చేసిన గ్యారీ ఫార్మర్ అందులోనూ ఉన్నాడు. పక్కవాడి కథలో తోడుగా నడిచినవాడు తనవాళ్ల కథలో తండ్రి అయ్యాడు. మనం పోవాల్సిన దారి అది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీ చేతిలో ఫోన్ ఉంది. దాంతో పట్నపు సినిమా డైలాగులకు పెదవులు కదిపి ఎన్నాళ్లు గడుపుతారు? బాపు పొలం పట్టా కోసం ఆఫీసు చుట్టూ తిరిగిన కథ లేదా? తీజ్ పండుగకు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచిన ఆడపిల్లల ముచ్చట్లు లేవా? ఇంట్లో మాట్లాడే మాటలోనే తీయండి. మొదటి ఆట తండాలో, గూడెంలో వెయ్యండి. కింద అక్షరాలు లేకుండా వెయ్యండి. అవ్వ నవ్విన చోట నవ్వు పండిందని, ఆమె కళ్లు తుడుచుకున్న చోట కథ తగిలిందని తెలుసుకోండి. బయటివాళ్ల కోసం అక్షరాలు తర్వాత వేసుకోవచ్చు. వాళ్లు రెండో వరుస ప్రేక్షకులు.

ఉపాధ్యాయులకు ఒక మాట. 1943లోనే మార్లవాయిలో గోండు పంతుళ్లకు శిక్షణ మొదలైంది, గోండీలో వాచకాలు వచ్చాయి. గుంజాలలో దొరికిన రాతప్రతుల లిపి 2018లో యూనికోడ్‌కు ఎక్కింది. కాబట్టి మన భాష బడికి పనికిరాదని ఇక ఎవరూ అనలేరు. క్లాసులో గోర్‌బోలి మాట్లాడిన పిల్లను గద్దించకండి. "ఇది మీ ఇంట్లో ఎట్లా అంటారు, చెప్పు బిడ్డా" అని అడగండి. రేపు కెమెరా ముందు తన భాషలో తలెత్తి మాట్లాడాల్సింది ఆ పిల్లే. ఈ రోజు బడిలో ఆమె నోరు మూయిస్తే, రేపటి సినిమాకు మాట ఎక్కడి నుంచి వస్తుంది?