మౌనమూ పాపమే

పసివారిపై అకృత్యాలకు పాల్పడిన మతగురువులను శిక్షించక, ఒక చర్చి నుండి మరొక చర్చికి బదిలీ చేసిన వైనం 2002లో అమెరికాలోని బోస్టన్ నగరంలో బయటపడింది. సంస్థ పరువు కాపాడబోయి పసిబిడ్డల బ్రతుకులను బలిపెట్టారు. ఆ ఏటి డిసెంబరులో అక్కడి కార్డినల్ బెర్నార్డ్ లా పదవి వీడవలసి వచ్చింది. ఇట్టి సంగతులు తెలిసిన మతగురువులు, సన్యాసినులు పై అధికారులకు తప్పక నివేదించవలెనని 2019లో పోప్ ఫ్రాన్సిస్ శాసించారు.

మన దేశంలో 2012 నాటి పోక్సో చట్టం మరింత విస్తృతమైనది. బాలలపై లైంగిక నేరం జరిగినట్లు తెలిసిన ప్రతివారూ పోలీసులకు తెలుపవలసిందే. ఏ ప్రార్థనా మందిరానికీ మినహాయింపు లేదు.

కనుక బిడ్డ గోడు వెళ్ళబోసుకొన్నప్పుడు, పెద్దలను అనరాదని నోరు నొక్కకండి. ఓపికతో వినండి, 1098కు ఫోన్ చేయండి. పసిబిడ్డ నిర్భయంగా అడుగిడగల చోటే దైవసన్నిధి.