ఉద్దానం నేలకు ఇంగ్లండు కొలబద్ద

జీడి, కొబ్బరి తోటల కింద నేల ఎంత కార్బన్ దాచిందో కంప్యూటరు మోడలు చెప్పేస్తుందట. ఆ అంకె చూపించి రైతు కార్బన్ క్రెడిట్లు అమ్ముకోవచ్చట. తోట తోటకూ మట్టి తవ్వి చూసే ఖర్చు తప్పుతుందని పైగా ఊరింపు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు పలాస, టెక్కలి, వజ్రపుకొత్తూరు రైతులు ఈ మాట నమ్మి సంతకాలు పెట్టకూడదు.

ఇలాంటి లెక్కలకు వాడే మోడళ్లలో రోత్‌సీ పేరున్నది. దాన్ని ఇంగ్లండులో రోథమ్‌స్టెడ్ పొలాల్లో దశాబ్దాలపాటు సాగిన ప్రయోగాల మీద కట్టారు. అక్కడికి అది గట్టి పనే. అందులో సూక్ష్మజీవులకూ ఒక పద్దు ఉంది. తమాషా ఏమిటంటే, అవి దేన్నీ తినవు! వేడికీ తేమకూ ముడిపెట్టిన ఒక రేటున, మిగతా చెత్తతోపాటు అవీ తరిగిపోతుంటాయి. తినేవాణ్ణి తిండి పద్దులో రాసేశారన్నమాట. పైగా లెక్కంతా నెలవారీ.

ఉద్దానంలో నెల సగటు ఏం చెబుతుంది? రోహిణి కార్తెలో జీడిచెట్టు కింది ఇసుక పిడికిట్లో నిలవదు, రాలిన ఆకు పెళపెళలాడుతుంది. సూక్ష్మజీవులు కొన్ని చచ్చి, కొన్ని ముడుచుకుని ఉంటాయి. తొలకరి జల్లు పడగానే బతికినవి లేచి, చచ్చినవాటినీ, తడికి కరిగిన తిండినీ ఎగబడి తింటాయి. గంటల్లో నేలలోంచి కార్బన్ డయాక్సైడు పొంగుతుంది, కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది. తూర్పు ఆఫ్రికా నేలల మీద పనిచేసిన బిర్చ్ 1958లోనే దీన్ని రాశాడు. నెల సగటులో ఈ పొంగు చదునైపోతుంది.

ఇక తిత్లీ తుఫాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటి కొబ్బరినీ జీడినీ నేలకూల్చింది. ఆ మొదళ్లూ వేళ్లూ ఏళ్ల తరబడి చెదలకీ బూజుకీ మేత. వాటిని ఎవరూ లెక్కలోకి ఎక్కించకపోతే, కొత్త మొక్క నాటిన రోజు నుంచి రాబడే రాస్తుంది మోడలు.

‘అయితే వాతావరణ మోడళ్లన్నీ బూటకమేగా’ అనేవాళ్లు సంబరపడనక్కర్లేదు. కార్బన్ డయాక్సైడు వేడిని పట్టి ఉంచుతుందన్నది భౌతికశాస్త్రం, సూక్ష్మజీవుల లెక్క తప్పితే అది చెరిగిపోదు. కానీ భూమిని గడులుగా చూసే ప్రపంచ మోడళ్లకు ఒక్కో గడి సుమారు 100 కిలోమీటర్లు. పలాస, టెక్కలి, మహేంద్రగిరి, కొంత సముద్రం ఒకే గడిలో పడగలవు, ఒక్క తోట సంగతి అది చెప్పలేదు. సూక్ష్మజీవుల చేత పని చేయించే మిమిక్స్ లాంటి నేల మోడళ్లూ వచ్చాయి. కానీ తిన్నదాంట్లో వాటి ఒంటికి పట్టేదెంత, ఊపిరిగా పోయేదెంత అన్నది నేలను బట్టి మారుతుంది. దాన్ని ఇక్కడ కొలవకుండా ఎక్కణ్ణుంచి తెస్తారు?

క్రెడిట్లు కొనేవాడు తన ఖర్చుతో కొబ్బరి వేళ్లున్న లోతుదాకా మట్టి తీయించాలి. తొలకరికి ముందే తోటలో నేల మీద మూతలు పెట్టి, వచ్చే వాయువు కొలవాలి. మళ్లీ తుఫాను వస్తే నష్టం ఎవరు భరించాలో కాగితం మీద ముందే రాయాలి.