జనవరి దుబాయ్‌కు నా గవాహీ

కొడుకు పిలిస్తే పోయిన జనవరిలో నేనూ, మా బేగమూ దుబాయ్ వెళ్లి పదిహేను రోజులు ఉండి వచ్చాం. వనపర్తిలో బయల్దేరేటప్పుడు మా మొహల్లా పెద్దాయన ఒకరు "రేగిస్తాన్‌కు పోతున్నరు, స్వెట్టర్లు ఎందుకు మియా, బరువు" అని నసీహత్ చేశారు. విన్నాం. మొదటి రాత్రే డేరా దగ్గర ఒక దిర్హమ్ ఇచ్చి అబ్రా పడవెక్కి క్రీక్ దాటుతుంటే, ఆ గాలికి నా పళ్లు టకటకలాడాయి. కొడుకు జాకెట్ విప్పించుకుని వేసుకున్నాను.

పగలు మాత్రం క్యా మౌసమ్! ఎంత నడిచినా చెమట లేదు. సముద్రం పక్కన బెంచీ మీద కూర్చుని చాయ్ తాగుతుంటే, అల్‌హందులిల్లాహ్, ఇంతకంటే ఏం కావాలి అనిపించింది. రోజూ ఫోటోలు తీసి ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. నా తప్పు అక్కడే మొదలైంది.

గద్వాలలో మా ఆపా కొడుకు, 22 ఏళ్ల వాడు, ఆ ఫోటోలు చూసే తయారయ్యాడు. ఒక ఏజెంటు బిల్డింగ్ సైటులో హెల్పర్ పని ఉందన్నాడట. దుల్హాభాయ్ అప్పు కోసం తిరుగుతున్నారు. నేను ఇల్లు చేరిన మూడో రోజే ఆపా ఫోన్: "తమ్మీ, నువ్వు కళ్లారా చూసొచ్చినవ్. మంచిగనే ఉంది గదా?"

మంచిగానే ఉంది. నేను చూసింది మంచిగానే ఉంది. కానీ వాపసు వచ్చే ముందు, ఒక ఆదివారం సాయంత్రం నైఫ్ బజారులో నాగర్‌కర్నూల్ వైపు మనిషి ఒకరు కలిశారు. మన యాస విని తనే పలకరించారు. సెంట్రింగ్ పని, తొమ్మిదేళ్లుగా. మౌసమ్ బాగుందని నేను మురిసిపోతుంటే ఆయన నవ్వారు. "చాచా, గీ మూడు నెలలు మాకు ఈద్. ఎండాకాలం రాండ్రి. వుజూకు నల్లా తిప్పితే నీళ్లు కాలుతయ్. గీజర్ బంద్ చేసి, అండ్ల నిలవ ఉన్న నీళ్లనే సల్ల నీళ్లని వాడుకుంటం."

ఆ మాట నా చెవిలోంచి పోవడం లేదు.

మనవాళ్లలో ఒక గురూర్ ఉంది: పాలమూరోళ్లం, మేలో 43 డిగ్రీల్లో మట్టి తవ్వినోళ్లం, దుబాయ్ ఎండ మాకో లెక్కా అని. గుంపు మేస్త్రీల వెంట దేశమంతా తిరిగి కాల్వలు, డ్యాములు కట్టిన జిల్లా మనది, కాదనను. కానీ మన ఎండ పొడి ఎండ. చెమట పడుతుంది, ఆరుతుంది, ఒళ్లు చల్లబడుతుంది. అక్కడ ఆగస్టులో సముద్రపు తేమకు చెమట ఆరదు, కారుతూనే ఉంటుంది, లోపలి వేడి లోపలే. రాత్రి కూడా చాలాసార్లు 30 కిందికి దిగదు.

అక్కడి హుకూమత్‌కు ఇది తెలియక కాదు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఆరుబయట పని బంద్ చేయాలని కానూన్ ఉంది. 2024లో జూన్ చివరి నుంచి అక్టోబర్ దాకా జుమా ఖుత్బా, నమాజు కలిపి పది నిమిషాల్లో ముగించాలని ఇమాములకు చెప్పారు. నమాజుకు వచ్చినవాళ్లు పది నిమిషాలకు మించి నిలబడలేని మౌసమ్‌లో, మిగతా గంటలన్నీ సైటు మీద నిలబడేది ఎవరు? మన పిల్లలే.

తల్లిదండ్రులం వెళ్లేది చలికాలంలోనే, ఏసీ ఆఫీసుల్లో ఉన్న కొడుకుల దగ్గరికే. వచ్చి గవాహీ చెప్పేదీ మేమే. మా మాట మీద అప్పు చేసి, ఎండలో పని చేసేవాణ్ణి పంపుతున్నారు. దుబాయ్ పోవద్దని నేననను. ఎన్నో ఇళ్లలో చెల్లెళ్ల నికాహ్‌లు ఆ మెహనత్‌తోనే జరిగాయి. రోజీ ఎక్కడ రాసి ఉంటే అక్కడికి పోవాల్సిందే. కానీ పని లోపలా బయటా, రూములో ఎంతమంది, సైటుకు బస్సులో ఎంతసేపు, ఈ మూడూ ఏజెంటు చేత కాగితం మీద రాయించుకోకుండా పైసా ఇవ్వొద్దు.

ఆపాకు ఇదంతా చెప్పాను. "మరి ఫోటోల్ల గంత నవ్వుకుంట ఎందుకున్నవ్?" అంది. జవాబు లేదు నా దగ్గర. సెంట్రింగ్ ఆయన నంబరు భాంజాకు పంపాను. ఇంకా ఫోన్ చేయలేదట.