మనోడు చేశాడు కాబట్టి సూపర్ అనాలా?

ముందే చెప్తున్నా, ఈ టపా చదివితే కొందరికి కోపం రావచ్చు.

జనగామ వైపు మాకు తెలిసిన కుర్రాడొకడు, ఇంజనీరింగ్ మూడో సంవత్సరం, సొంతంగా ఒక ఫైటింగ్ గేమ్ చేశాడు. ముగ్గురే ఫైటర్లు. జనగామ నుంచి సర్వాయి పాపన్న, మహబూబాబాద్ నుంచి ఒక మిర్చి రైతు, భూపాలపల్లి నుంచి ఒక సింగరేణి కార్మికుడు. ఆలోచన వినగానే భలే ఉందనిపించింది. ఆడాక మాత్రం... సరే, చెప్తా. వాట్సాప్ గ్రూపులో వరసపెట్టి "సూపర్"లు పడ్డాయి. అన్నవాళ్ళలో గేమ్ తెరిచిందెవరో నాకు అనుమానమే. ఎందుకంటే జిప్‌లో ఒక ఫైలు పెట్టడం మర్చిపోవడంతో మొదటి రెండు రోజులు అది ఎవరికీ ఓపెన్ కాలేదు :)

ఇంజిన్ ముగెన్. ఎలెక్‌బైట్ అనే బృందం 1999లో ఉచితంగా వదిలింది. బొమ్మలు, కదలికలు, దెబ్బల లెక్కలు ఫైళ్ళలో పెట్టిస్తే మిగతాది అది చూసుకుంటుంది. రెడీమేడ్ ఇంజిన్ వాడటం తప్పేం కాదు, మనమెవరం ఆఫీసులో డేటాబేస్ సొంతంగా రాసుకుంటున్నాం గనక! కానీ ఆ లెక్కలు మాత్రం మనమే వెయ్యాలి.

ఇందులో ప్రతి ఫ్రేముకీ రెండు రకాల పెట్టెలు గియ్యాలి. కొట్టేది ఎర్ర పెట్టె, తగిలించుకునేది నీలం పెట్టె. మనవాడు నిలబడ్డ బొమ్మకి గీసిన నీలం పెట్టెనే కూర్చున్న బొమ్మకీ కాపీ కొట్టాడు. దాంతో కూర్చుని తప్పించుకున్నా సరే, తల పైన గాల్లోంచి పోయిన గుద్దుకి కూడా ప్రాణం తగ్గిపోతుంది. ఇక దెబ్బ తగిలిన క్షణంలో ఇద్దర్నీ కొన్ని ఫ్రేములు ఆపాలి. సెకనుకి 60 ఫ్రేముల్లో ఆగేది ఏ పదో, కానీ దెబ్బకి బరువొచ్చేది అక్కడే. వీడు సున్నా పెట్టాడు. పాపన్న కత్తి దూస్తే దోమని తోలినట్టుంది. ఎదుటివాణ్ణి మూలకి నెట్టి చిన్న గుద్దు బటన్ నొక్కుతూ కూర్చుంటే వాడు మళ్ళీ లేవడు, రౌండ్ అయిపోయినట్టే. "స్ట్రీట్ ఫైటర్ 2 లో కాంబోలు కూడా బగ్గే కదన్నా" అన్నాడు. నిజమే, 1991 నాటి ఆ గేమ్‌లో అవి అనుకోకుండా వచ్చినవే. కానీ వాళ్ళు టెస్టింగ్‌లో చూశారు, చూసి ఉంచారు. వీడు చూడనే లేదు.

ఇవన్నీ సర్దుకోవచ్చు. నాకు ఒళ్ళు మండింది ఇంకో చోట. ముగ్గురూ రంగు మార్చిన ర్యూలే! మిర్చి రైతు నిప్పు బంతి విసురుతాడు. స్టేజి పేరు భూపాలపల్లి, వెనకాల జపాన్ గుడి, చెర్రీ పూలు. ఒరేయ్ నాయనా, ఘనపురం కోటగుళ్ళు ఆ జిల్లాలోనే ఉన్నాయి కదరా, కాకతీయుల నాటివి. ఫోన్ పట్టుకుని ఒకసారి వెళ్ళొస్తే సాయంత్రానికి బ్యాక్‌గ్రౌండ్ రెడీ. పాపన్నది గీత కార్మికుల ఇల్లు, ఖిలాషాపురంలో కోట కట్టుకుని 1708లో వరంగల్ మీద పడ్డ మనిషి. ఆయన చేతికి మోకు ఇస్తే దూరం నుంచి లాగి పడేసే పట్టు తయారు. బొగ్గు బాయి కార్మికుడికి తట్టా చెమ్మస్ ఉంది, నెత్తిన లైటుంది. స్టేజి చీకటైతే అతనొక్కడికే కనపడేట్టు చెయ్యొచ్చు. రైతు గుప్పెడు కారం కళ్ళల్లో కొడితే రెండు సెకన్లు అవతలివాడి కంట్రోల్స్ తారుమారు. ఇంత సరుకు ఇంటి ముందు పెట్టుకుని నిప్పు బంతులా?

"ఒక్కడే చేశాడు కదా పాపం" అంటారు. 2009లో వచ్చిన వాన్‌గార్డ్ ప్రిన్సెస్‌ని జపాన్‌లో తొమోఅకి సుగెనో దాదాపు ఒక్కడే చేశాడు. అదీ రెడీమేడ్ టూల్‌తోనే. అందులో అమ్మాయిల బట్టలు నాకు నచ్చవు, అది వేరే సంగతి. కానీ ఒకరిలా ఇంకొకరు ఆడరు.

ఇప్పుడు మనవాడు దీన్ని స్టీమ్‌లో అమ్ముతాడట. 100 డాలర్ల ఫీజు కోసం వాళ్ళ నాన్నని అడుగుతున్నాడు. బొమ్మలేమో క్యాప్‌కామ్‌వి. 2013 ఫిబ్రవరిలో "ఫైటింగ్ ఈజ్ మ్యాజిక్" అనే అభిమానుల గేమ్‌ని హాస్‌బ్రో లాయర్ నోటీసుతో ఆపేసింది. వాళ్ళు బొమ్మలు స్వయంగా గీసుకున్నారు, పాత్రలు మాత్రం వేరేవాళ్ళవి, అంతే. తర్వాత సొంత పాత్రలతో మళ్ళీ మొదలుపెట్టి పూర్తి గేమ్ తెచ్చేసరికి 2020 అయింది. వీడు బొమ్మలే ఎత్తుకొచ్చాడు.

ఇదంతా గ్రూపులో రాస్తే ఒక బాబాయ్ "చిన్న పిల్లగాడు, ఎందుకట్ల మనసు ఇరగ్గొడ్తవ్ బిడ్డా" అన్నాడు. బాబాయ్‌కి తెలీదు, ఆయన్నేమీ అనను. కానీ ఆ గ్రూపులో సగం మంది మనలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళే. ఆఫీసులో జూనియర్ నాలుగు లైన్లు రాస్తే నలభై కామెంట్లు పెడతారు, ఇక్కడ బొటనవేలు చూపించి ఊరుకున్నారు. పోయేది ఆ నాన్న డబ్బు, వీడి మిగిలిన ఏడాది.

పెట్టెలు సరిచెయ్యడానికి ఒక శనివారం చాలు, నేను కూర్చుంటానని చెప్పా. బొమ్మలు మాత్రం వాడే గీసుకోవాలి. ఈలోగా ఇంకో "సూపర్" పెట్టబోయేవాళ్ళు దయచేసి రైతుని తీసుకుని ఒక్క రౌండ్ ఆడండి. మూలకి నెట్టాక లేవగలిగితే వ్యాఖ్య పెట్టండి.