పండుగనాటి ఒంటరితనము

సంక్రాంతికి రెండు మూడు దినములు ముందుగనే హైదరాబాదు నగరము ఖాళీ కాసాగును. బస్సులును రైళ్లును కిక్కిరిసిపోవును. విజయవాడ రహదారిపై వాహనములు బారులు తీరును. ఊళ్లకు తరలిపోవు ఈ జనమును గూర్చి పత్రికలు ఏటేట వ్రాయుచునే యున్నవి. నగరములో మిగిలిపోయిన వారిని గూర్చి వ్రాయువారు అరుదు.

అట్టివారిని చూడగోరినచో బోరబండకు పోవలెను. జూబిలీహిల్సు, ఫిలింనగరుల వెలుగులకు కొద్ది దూరములోనే ఇరుకు సందులు, అద్దెగదులు గల పేట యిది. తెలుగు చలనచిత్ర పరిశ్రమ మద్రాసు నుండి క్రమముగా తరలివచ్చుటయు, 1976లో అన్నపూర్ణ స్టూడియో ప్రారంభమగుటయు ఈ కొండప్రాంతపు రూపును మార్చివేసినవి. నాటినుండి వెండితెరపై ఆశతో ఊళ్లు విడిచి వచ్చు యువకులకు ఈ చుట్టుపట్ల పేటలే నీడనిచ్చుచున్నవి. పెద్ద చిత్రములు విడుదలయగునది సంక్రాంతికే. తెరపై పండుగ సన్నివేశములో గుంపు నడుమ నవ్వుచు నిలిచిన యువకుడు, ఆ పూట తన గదిలో ఒక్కడే అన్నము వండుకొనుచుండును.

అతడు ఊరికి పోకుండుటకు ఛార్జీలు లేకపోవుట యొక్కటే కారణము కాదు. “ఎప్పుడు కనబడతావురా సినిమాలో?” అని అరుగుమీది పెద్దలు అడుగుదురు. ఆ ప్రశ్నకు వెరచియే “షూటింగు ఉందమ్మా, రాలేను” అని తల్లికి ఫోనులో చెప్పును. లేమి కంటె సిగ్గు మనుష్యుని ఎక్కువ ఒంటరిని చేయును.

ఇట్టి బాధ వృద్ధులకు మాత్రమే కలుగుననుట పొరపాటు. లోకములో ప్రతి ఆరుగురిలో ఒకరు ఏకాకితనముతో బాధపడుచున్నారనియు, వారిలో యువజనుల పాలు పెద్దదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో ప్రకటించినది. మామూలు దినములలో ఈ బాధ పనులచాటున దాగియుండును. పండుగనాడు ప్రతి వాకిటిలోని ముగ్గును దానిని బయటకు లాగును.

అయితే దుఃఖితునికి పండుగలో చోటు లేదనుట సంప్రదాయము తెలియని మాట. సంక్రాంతి పెద్దల పండుగ. గతించిన వారిని తలచి, వారికి బట్టలు పెట్టి, నైవేద్యము చూపిన పిదపనే అనేక గృహములలో భోజనములు జరుగును. తెలంగాణమున పితరులకు బియ్యమిచ్చు పెత్రమాసనాడే ఎంగిలిపూల బతుకమ్మ ఆరంభమగును. ఉగాది పచ్చడిలో వేపపువ్వును ఎవరును ఏరిపారవేయరు. సంతోషము పక్కనే శోకమునకు పీట వేసిన పండుగలివి. ఆ పీటను తీసివేసినది ఇటీవలి ఆడంబరము.

బడియు ఈ విషయములో నిర్దోషి కాదు. సెలవులు ముగిసిన మొదటి దినమున ‘సంక్రాంతి సెలవులను నేను గడిపిన విధము’ అను వ్యాసము వ్రాయించుట అనేక పాఠశాలలలో అలవాటు. నలువదిమందిలో ఆ యేడే తండ్రిని పోగొట్టుకొన్న పిల్ల ఒకతె యుండవచ్చును. ఆమె మార్కులకై తినని అరిసెలను, ఎగురవేయని గాలిపటములను కల్పించి వ్రాయును. దుఃఖమును దాచుట ఆమెకు బడియే నేర్పినట్లగును.

ఒక్కరికొరకు తక్కినవారి సంతోషమును అణచవలెనా యని కొందరు అడుగవచ్చును. అక్కరలేదు. ‘పండుగనాడు నాకు గుర్తువచ్చిన మనిషి’ అను విషయమును గూడ ఇచ్చి, రెంటిలో కోరినది వ్రాయుమన్న చాలును. గాలిపటమెగురవేసిన బాలునికిని, తండ్రి లేని పిల్లకును అందు చోటు కలదు.

“పండుగపూట ఆ ముఖమేమిటి?” అని మందలించుట వలన దుఃఖము తగ్గదు; దానికి అపరాధభావము తోడగును. ఒంటరివానిని భోజనమునకు పిలుచుట మేలు. పనికి పిలుచుట ఇంకను మేలు. “చలిమిడి కలపాలి, కాస్త చెయ్యి వెయ్యి నాయనా” అని పొరుగింటి యిల్లాలు పిలిచినచో, తాను దయకు పాత్రుడననుకొనక, ఒకరికి అక్కరకు వచ్చితిననుకొనును.

వారములు గడచినను దిగులు తగ్గక, నిద్రయు ఆకలియు తప్పినచో ఓదార్పుమాటలు చాలవు. కేంద్రప్రభుత్వము 2022 అక్టోబరులో ఆరంభించిన టెలి మానస్ సేవకు 14416 సంఖ్యపై ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును. బోరబండకు సమీపముననే ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయము కలదు. కాని ‘ఎర్రగడ్డ’ యను పేరునే ఎగతాళికి వాడుట నగరములో పాత దురలవాటు. ఉపాధ్యాయులు తరగతిలో ముందుగా మాన్పింపవలసినది ఆ ఎగతాళినే. నవ్వులకు వెరచువాడు వైద్యుని గడప తొక్కడు.

ఇక బోరబండ గదిలోని యువకుడు. తెరమీద పేరు పడనిదే ఊరి ముఖము చూడరాదని అతనికి ఎవరు చెప్పిరి? ఈసారి ఫోనులో షూటింగు మాట మాని, “ఒక్కణ్నే ఉన్నానమ్మా” అని నిజము చెప్పవలెను. తల్లి అడుగు తరువాతి ప్రశ్న సినిమాను గూర్చి కాదు, “ఏం తిన్నావు?” అనియే.