దుమ్ముకు దూరంగా ఉండమన్న యాప్

మా అమ్మ హైదరాబాద్‌లో రోడ్లు ఊడుస్తుంది. ఆస్తమా అని తేలాక నేనే నా ఫోన్‌లో ఆమె కోసం ఒక యాప్ వేశాను. ఇన్‌హేలర్ వేళలు గుర్తు చేస్తుంది, ఆయాసం ఎప్పుడొచ్చిందో నమోదు చేసుకుంటుంది. మొదటి వారంలోనే ఓ సలహా ఇచ్చింది: దుమ్ముకు దూరంగా ఉండండి. చదివి వినిపిస్తే అమ్మ నవ్వింది. "దుమ్ము లేకుంటే నాకు కొలువేడిది బిడ్డా?"

యాప్‌లు, టెలిమెడిసిన్ దండగ అని నేను అనను. మూడేళ్లుగా ఆసుపత్రి చీటీలు మారాయి గానీ, ఇన్‌హేలర్ ఎలా పీల్చాలో ఎవరూ చూపించలేదు. ఒక వీడియో కాల్‌లో డాక్టరు "నా ముందే పీల్చమ్మా" అన్నారు. అమ్మ మందు నొక్కాక ఆగి పీలుస్తోంది. సగం నాలుక మీదే పడుతోంది. పైగా వాడుతున్నది అప్పటికప్పుడు ఉపశమనమిచ్చే సాల్బుటమాల్ ఒక్కటే. పెద్దవాళ్లకు అదొక్కటే ఇవ్వొద్దని, శ్వాసనాళాల వాపును తగ్గించే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ తప్పక ఉండాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు 2019 నుంచీ చెబుతున్నాయి. ఆ రెండు తప్పులూ దిద్దుకోవడానికి అమ్మ ఒక్క రోజు కూలీ కూడా పోగొట్టుకోలేదు.

2022 గ్లోబల్ ఆస్తమా రిపోర్టు ప్రకారం ప్రపంచ ఆస్తమా భారంలో మన దేశం వాటా సుమారు 13 శాతం. ఆస్తమా మరణాల్లో 42 శాతం. ఈ తేడాను ఫోన్ తగ్గిస్తుందంటారు. ఎవరి ఫోన్? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో సొంతంగా వాడుకునే మొబైల్ ఉన్న మహిళలు 54 శాతమే. ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవారు మూడో వంతు. చీపురు ఏ కులాల చేతిలో ఉందో, ఈ లెక్కలో అడుగున ఎవరున్నారో పరిశోధక మిత్రులకు వేరే చెప్పనక్కర్లేదు.

బుడెసొనైడ్ ఇన్‌హేలర్ జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉంది. మా దగ్గరి దవాఖానలో అడిగితే మాత్రం బిళ్లలు ఇచ్చి పంపారు. తెర మీద రాసిన మందు అరలో లేకపోతే ఆ వీడియో కాల్‌కు విలువేముంది? మామూలు ఫోన్‌కు తెలుగులో వచ్చే కాల్, ఆశా కార్యకర్త చేతిలో ఒక పీక్ ఫ్లో మీటర్, ఊడ్చే ముందు రోడ్డు మీద నీళ్లు చల్లే ఏర్పాటు: ఇవి యాప్ కన్నా ముందు రావాలి. ఆయాసం నమోదయ్యే ఆ డైరీ, కాంట్రాక్టరు ముందు పెట్టదగ్గ సాక్ష్యంగా కూడా చెల్లాలి.

ఇప్పుడది రోగినే తప్పుబడుతోంది. నేను యూనివర్సిటీ హాస్టల్‌కు తిరిగొచ్చాను, ఫోన్ నాతోనే వచ్చింది. రోజూ పొద్దున ఆరింటికి అలారం నా మంచం పక్కన మోగుతుంది. అప్పటికి అమ్మ రోడ్డు మీద ఉంటుంది. యాప్‌లో ఆమె పేరు పక్కన ఎర్ర అక్షరాలు: "మందు క్రమం తప్పుతున్నారు."